కోరంగి నుంచి వచ్చారా?

మారిషస్ వెళ్ళొచ్చి మూడు నెలలవుతోంది. ఇప్పటికీ ఎవరో ఒకరు "ట్రిప్పు ఎలా జరిగింది, బీచ్‌లు బాగున్నాయా" అని అడుగుతూనే ఉన్నారు, నేనేమో "బాగున్నాయండీ, నీళ్ళు భలే నీలంగా ఉన్నాయి" అనేసి ఊరుకుంటున్నాను. అబద్ధమేం కాదు, నీళ్ళు నీలంగానే ఉన్నాయి. కానీ అక్కడ జరిగింది లిఫ్టులో నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదు, అందుకే ఈ ఆదివారం వంట మా ఆయనకి అప్పగించి ఇది రాస్తున్నా.

ముందు మా తెలివితక్కువతనం చెప్పేస్తాను, కనీసం మీరైనా జాగ్రత్తపడతారు. ఆగస్టు 15 చుట్టూ మా ఆయనకి సెలవులు కలిసొచ్చాయి, అమ్మకి పాస్‌పోర్టు చేయించి రెండేళ్ళయినా దాని మీద ఒక్క ముద్రా పడలేదు, టికెట్లు చవగ్గా కనిపించాయి, హోటలు ఇంకా చవగ్గా కనిపించింది. ఎందుకంత చవకో మాలో ఒక్కరమూ ఆలోచించలేదు. మారిషస్ భూమధ్యరేఖకి దక్షిణాన ఉంది కదా, మనకి ఆగస్టంటే వానాకాలం, వాళ్ళకి చలికాలం. స్వెట్టరు వేసుకుని వణికే చలేం కాదు, పగలు 24, 25 డిగ్రీలుంటుంది, హాయిగానే ఉంటుంది, కాకపోతే ఆ నెలల్లో ఆగ్నేయం నుంచి గాలి ఆగకుండా కొడుతుంది, అది నేరుగా వచ్చి తగిలేది తూర్పు తీరానికి. మేం తీసుకున్న హోటలు ఎక్కడుంది? తూర్పు తీరంలో, బెల్ మార్ దగ్గర. బ్రోషర్లో కనిపించిన ఆ తెల్లటి ఇసుకంతా మొదటిరోజే మా కళ్ళలోకీ ముక్కుల్లోకీ వచ్చేసింది. అమ్మ కొంగు నెత్తిన కప్పుకుని కూర్చుని, "కాకినాడ బీచ్‌లో గాలి లేదనా ఇంతదూరం తీసుకొచ్చావ్" అంది.

ఇల్ ఓ సెర్ఫ్ అని తూర్పున ఒక చిన్న దీవి ఉంది, అక్కడికి పడవ ట్రిప్పు కోసం ఇక్కడి నుంచే డబ్బు కట్టేశాం. ఆరోజు పొద్దున అలలు చూసి అమ్మ అడుగు ముందుకెయ్యలేదు. మేమూ వెళ్ళలేదు. పడవవాళ్ళు మాత్రం "పడవ వెళ్తోంది కదా, మీరు రాకపోతే మేమేం చేస్తాం" అన్నారు, వాళ్ళ లెక్క వాళ్ళది, మా డబ్బు మాత్రం తిరిగి రాలేదు. కాబట్టి మే నుంచి సెప్టెంబరు దాకా వెళ్ళేవాళ్ళు పడమర వైపో ఉత్తరం వైపో గది తీసుకోండి, ఫ్లిక్ ఆన్ ఫ్లాక్, త్రూ ఓ బిష్ లాంటి చోట్ల. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా ఎటైనా బాగుంటుందట. జనవరి నుంచి మార్చి వరకు తుపాన్ల కాలం, తుపాను అంటే ఏంటో మన కోస్తావాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

సరే, బీచ్ కుదరలేదని మిగిలిన రోజులకి ఒక కారు మాట్లాడుకున్నాం. ఆ కారే మొత్తం ట్రిప్పుని మార్చేసింది. డ్రైవరు యాభై దాటిన మనిషి, సన్నగా, నెరిసిన మీసంతో ఉంటాడు, ఇంగ్లీషు మాట్లాడతాడు కానీ దానికి ఫ్రెంచి యాస, ఫోనొస్తే క్రియోల్, ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి వాడుకభాష. మొదటిరోజంతా అమ్మని "మాడమ్" అన్నాడు. అమ్మ అతన్ని మొదటి పది నిమిషాల్లోనే "బాబూ" అనేసింది.

ఆ దీవి పెద్దదేం కాదు, పొడుగు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. ఎటు వెళ్ళినా రోడ్డుకి రెండు వైపులా చెరుకే. మేం వెళ్ళింది కోతల కాలం, లారీల నిండా చెరుకు వేసుకుని పోతున్నారు, అనకాపల్లి వైపు వెళ్తున్నట్టే ఉంది. కానీ మన చెరుకు తోటల్లో లేనిది ఒకటి కనిపించింది. చేల మధ్యలో నల్లరాళ్ళ గుట్టలు. ఒకటి రెండు కాదు, కొన్నయితే ఇల్లంత ఎత్తు, పద్ధతిగా పేర్చినవి. మా ఆయన "ఏదైనా గుడా అది" అని అడిగాడు. గుడి కాదు. ఆ దీవి మొత్తం అగ్నిపర్వతం నుంచి పుట్టింది, నేలంతా నల్లరాయి, ఒక్క మొక్క నాటాలన్నా ముందు రాళ్ళు ఏరాలి. ఆ రాళ్ళని చేత్తో ఏరి, మోసి, అక్కడ గుట్టపోశారు కూలీలు. డ్రైవరు కారు నెమ్మది చేసి, "మా ముత్తాతలు" అని ఒక్క మాట అని మళ్ళీ గేరు మార్చాడు. ఎవరి ముత్తాతలు, ఎక్కణ్ణుంచి వచ్చారు అని అప్పుడు అడగాలనిపించింది, ఎందుకో అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం తెలిసింది. రోడ్డు పక్కన సరుగుడు చెట్ల కింద కారాపుకుని తింటున్నాం. అమ్మ ఎక్కడికెళ్ళినా ఆవకాయ లేకుండా వెళ్ళదు, ఈసారి విమానమని ఇంటి ఆవకాయ కాకుండా కొట్లో కొన్న సీలు వేసిన ప్యాకెట్టు తెచ్చింది, తెచ్చినందుకు దారంతా బాధపడుతూనే ఉంది. డ్రైవరుకి కొంచెం పెట్టబోతే అతను ఆ ప్యాకెట్టు చేతిలోకి తీసుకున్నాడు, కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, దాని మీద తెలుగు అక్షరాల కింద వేలు పెట్టి, ఒకటో తరగతి పిల్లాడిలా చదివాడు. "ఆ... వ... కా... య."

మేం ముగ్గురం నోళ్ళు తెరిచి చూస్తున్నాం. స్కూల్లో నేర్చుకున్నాడట. అక్కడ పిల్లలు హిందీ, తమిళం, ఉర్దూ, మరాఠీ లాగే తెలుగూ ఒక సబ్జెక్టుగా చదువుకోవచ్చు. "చదవగలను, కానీ చాలా మాటలకి అర్థం తెలీదు" అన్నాడు, అదేదో తప్పు చేసినట్టు. వాళ్ళమ్మకి కొంచెం వచ్చట, వాళ్ళ నాయనమ్మకి బాగా వచ్చట. తనకి పాటలు మాత్రం వచ్చు.

"మీదే ఊరు?" అని అడిగాడు. కాకినాడ అన్నాను. ఊహూ, తెలీదు. అమ్మ ఊరుకోదుగా, పక్కన తాళ్ళరేవు, యానాం, కోరంగి అని చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఏకరువు పెట్టింది. అతను ఒక్కసారి ఇటు తిరిగాడు. "కోరంగి? కోరంగి నుంచి వచ్చారా మీరు? ఆ ఊరు ఇంకా ఉందా?"

ఉండకపోవడమేంటి, మా ఇంటి నుంచి ఆటోలో వెళ్ళొచ్చు. కార్తీకమాసం పిక్నిక్‌లకి, ఎవరైనా చుట్టాలొస్తే మడ అడవి చూపించడానికి, చెక్క వంతెన మీద ఫొటోలు దిగడానికి వెళ్ళే ఊరది. నాకు కోరంగి అంటే అంతే. అతనికి కోరంగి అంటే వేరు. మారిషస్‌లో తెలుగువాళ్ళని మిగతావాళ్ళు పిలిచిన పేరే అది, కోరంగీలు. ఓడ ఎక్కిన రేవు పేరు మనుషులకి అంటుకుపోయింది. బర్మా వెళ్ళిన మనవాళ్ళనీ అలాగే అనేవారని ఎక్కడో చదివిన గుర్తు నాకప్పుడొచ్చింది. తన చిన్నప్పుడు ఆటల్లో గొడవొస్తే తోటిపిల్లలు ఆ మాటనే తిట్టులా వాడేవారని నవ్వుతూనే చెప్పాడు, తర్వాత ఆవకాయ నంజుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కారానికే లెండి.

నా సిగ్గు చెప్పుకోవాలి ఇక్కడ. కాకినాడలో పుట్టి పెరిగి, కోరంగి ఒకప్పుడు ఎంత పెద్ద రేవో నాకు సరిగ్గా తెలీదు. గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట, ఓడలు కట్టడానికీ బాగుచేయడానికీ దూరదూరాల నుంచి వచ్చే రేవు అది. 1789లో ఒక ఉప్పెన, మళ్ళీ 1839 నవంబరులో ఇంకో పెద్ద తుపాను, ఊరు తుడిచిపెట్టుకుపోయింది. మళ్ళీ ఆ వైభవం రాలేదు, ఇసుక మేట వేసింది, వ్యాపారం కాకినాడకి పోయింది. మా ఊరు పెరిగిందే ఆ ఊరు పోవడం వల్లనన్నమాట. ఇదంతా మా స్కూల్లో ఎవరైనా చెప్పారేమో, నేను ఆరోజు రాలేదేమో.

ఆ సాయంత్రం నుంచి "మాడమ్" పోయి "అమ్మ" అయింది.

పోర్ట్ లూయిస్ రాజధాని. ట్రాఫిక్కు, పార్కింగు తిప్పలు, ఎండ, అచ్చం మన ఊళ్ళలాగే. బజారు మాత్రం వదలకండి, ఊరి మధ్యలో పాత మార్కెట్టు, అమ్మని అక్కణ్ణుంచి బయటికి తీసుకురావడానికి గంటన్నర పట్టింది. ఒక పెద్దావిడ ఆకుకూరలు పెట్టుకుని కూర్చుంది, మెడలో పసుపుతాడు లాంటిది, నెత్తిన గడ్డి టోపీ. అమ్మకి క్రియోల్ రాదు, ఆవిడకి తెలుగు రాదు. అమ్మ కొత్తిమీర కట్ట పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆవిడ "కొతొమిలి" అంది. అమ్మ "అదే, కొత్తిమీర" అంది. కరివేపాకు చూపిస్తే "కారిపులే". మునగాకు "బ్రెద్ మురుమ్", బ్రెద్ అంటే ఆకుకూర, మురుమ్ అంటే మన మునగే, తమిళుల నోటి నుంచి అలా మారింది. బీరకాయ చూపిస్తే "పిపెంగాయ్" అంది, అమ్మ కిసుక్కున నవ్వింది. ఇలా ఇద్దరూ ఒక్కో కూర ఎత్తి చూపించుకుంటూ ఆ కొట్టు మొత్తం పూర్తిచేశారు. వండుకునే వీలే లేదు మాకు, అయినా అమ్మ ఒక కట్ట కొత్తిమీర కొంది. హోటల్ గదిలో గ్లాసులో నీళ్ళు పోసి అందులో పెట్టింది, వచ్చేదాకా అలాగే ఉంది.

తిండి గురించి రాయకపోతే ఈ పోస్టుకి అర్థం లేదు. ధోల్ పూరీ అని రోడ్డు పక్కన ప్రతిచోటా అమ్ముతారు, పేరు పూరీ కానీ నూనెలో వేయించేది కాదు, పెనం మీద కాల్చేది, లోపల ఉడకబెట్టి పొడిపొడిగా చేసిన పప్పు, పసుపు, జీలకర్ర. ఎప్పుడూ జంటగానే ఇస్తారు, మధ్యలో చిక్కుడు గింజల కూర, టమాటా కూర, పచ్చిమిరప చట్నీ వేసి కాగితంలో చుట్టి చేతికిస్తారు. "బొబ్బట్లు చేస్తూ బెల్లం మర్చిపోయినట్టుంది" అని అమ్మ తీర్పు, కానీ రెండోసారి అడిగింది ఆవిడే. గాతో పిమా అంటే మన మసాలా వడే, కొంచెం చిన్నది. దాన్ని వాళ్ళు పొద్దున్నే బ్రెడ్డులో వెన్న రాసి, మధ్యలో నలిపి పెట్టుకుని తింటారు. బయట గట్టిగా ఉండే ఫ్రెంచి బ్రెడ్డు, లోపల మన వడ. ఫ్రెంచివాళ్ళు వందేళ్ళు ఏలితే, మన కూలీలు వచ్చి స్థిరపడితే ఏమవుతుందో ఆ ఒక్క టిఫిను చెబుతుంది. పాలు, సబ్జా గింజలు, జెల్లీలాంటి అగర్ తురుము వేసిన అలూదా తాగాం, మన ఫలూదాకి చుట్టం. అనాసపండు ముక్కలకి ఉప్పూ కారం చింతపండు పట్టించి అమ్ముతారు, అది మాత్రం కొనేటప్పుడే రెండు కొనండి, ఒకటి చాలదు.

మార్కెట్టు నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఆప్రవాసీ ఘాట్, అప్పట్లో మన కూలీలు ఓడ దిగిన చోటు. పేరు విని పెద్ద కోటలాంటిదేదో ఊహించుకోవద్దు. నాలుగు రాతి గోడలు, కొన్ని గదుల పునాదులు, వంటిల్లు ఉన్న చోటు, పక్కనుంచే రొద పెడుతూ పోయే హైవే. సముద్రాన్ని పూడ్చి రోడ్లేసుకుంటూ పోయారు కాబట్టి నీళ్ళు కూడా కొంచెం దూరం జరిగాయి. పాతపేరు కూలీ ఘాట్. 1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వం రద్దు చట్టం చేసింది, మారిషస్‌లో అది 1835 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చింది. మరి చెరుకు కొట్టేదెవరు? దానికి ఇంగ్లీషువాళ్ళు కనిపెట్టిన ఉపాయం, ఒప్పందం కూలీలు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో 36 మంది కలకత్తా నుంచి వచ్చి దిగారు. తర్వాత దాదాపు 90 ఏళ్ళ పాటు వస్తూనే ఉన్నారు, నాలుగున్నర లక్షల పైన. ఎక్కువమంది బీహారు వైపువాళ్ళు, మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి తమిళులు, మన గోదావరి, విశాఖ జిల్లాలవాళ్ళు, బొంబాయి నుంచి మరాఠీలు. అయిదేళ్ళ ఒప్పందం, మగవాళ్ళకి నెలకి 5 రూపాయల జీతం, పని మానేస్తే కోత. అయిదేళ్ళయ్యాక తిరిగి వెళ్ళినవాళ్ళకంటే ఉండిపోయినవాళ్ళే ఎక్కువ. ఈరోజు ఆ దేశంలో మూడింట రెండొంతుల మంది మన ఉపఖండం నుంచి వెళ్ళినవాళ్ళ సంతానమే.

అక్కడ 16 మెట్లున్నాయి. నల్లరాతి మెట్లు, అంచులు అరిగిపోయి మధ్యలో కొంచెం గుంటపడ్డాయి. పడవ దిగిన ప్రతివాళ్ళూ ఆ మెట్లెక్కే లోపలికి రావాలి. యునెస్కో 2006లో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది, ఆ బోర్డులవీ అన్నీ ఉన్నాయి, మా ఆయన వరసపెట్టి చదివాడు. అమ్మ చదవలేదు. చెప్పులు విప్పేసి కింది మెట్టు దగ్గర కూర్చుంది. మోకాళ్ళ నొప్పి వల్లనుకున్నా. తర్వాత చూస్తే అరచేత్తో ఆ రాయిని రుద్దుతోంది, రుబ్బురోలు గరుకు పోయిందో లేదో చూసినట్టు.

మోకా అనే ఊళ్ళో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఆ వలస కూలీల రిజిస్టర్లన్నీ అక్కడే భద్రపరిచారు, ఒక్కొక్కరికీ ఒక నంబరు, తర్వాతి రోజుల్లోవాళ్ళకి ఫొటోలు కూడా. ఇప్పటివాళ్ళు వెళ్ళి తమ ముత్తాత కాగితం అడిగి తీసుకోవచ్చు. మా డ్రైవరు తీసుకున్నాడు. ఫోన్లో చూపించాడు. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు, ఊరు. రాసుకున్న గుమాస్తాకి మన పేర్లు ఎలా వినపడితే అలా రాశాడు, ఊరి పేరైతే మా అమ్మ ఎన్ని రకాలుగా పలికి చూసినా ఒక ఊరికీ అతకలేదు. అక్కడి తెలుగువాళ్ళ ఇంటిపేర్లూ అంతే. ముత్తాత ఒంటిపేరే ఇంటిపేరైపోయింది, అప్పడు, అప్పన్న, లక్ష్మయ్య, వెంకటసామి, అవే ఫ్రెంచి నోళ్ళలో నలిగి "అప్పాడూ" "లచ్మయా" అయ్యాయి.

మధ్యలో ఒక చిన్న గొణుగుడు. వాళ్ళ కరెన్సీ కూడా రూపాయే, మన రెండు రూపాయలకి కాస్త తక్కువ. నోటు మీద ఇంగ్లీషు తర్వాత తమిళం, హిందీ ఉన్నాయి. అమ్మ నోటు తిప్పి తిప్పి చూసి "మనదేదే?" అంది. మనది లేదు. ఉగాదికి మాత్రం దేశమంతటికీ సెలవు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు కూడా అక్కడ జరిగాయి.

ఇంతకీ బీచ్. ఆదివారం పడమటి తీరానికి, ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌కి తీసుకెళ్ళాడు, ఇటు గాలి లేదు, సముద్రం చెరువులా ఉంది. తీరానికి దూరంగా పగడపు దిబ్బల గోడ ఉంటుంది, పెద్ద అలలు అక్కడే విరిగిపోతాయి, లోపలంతా మోకాల్లోతు, నడుములోతు. దక్షిణాన గ్రీ గ్రీ అనేచోట ఆ గోడ లేదు, అక్కడ సముద్రం కొండరాయిని కొట్టే చప్పుడు వింటే తెలుస్తుంది ఈ గోడ విలువ. నీళ్ళలోకి దిగితే రబ్బరు బూట్లు వేసుకోండి, పగడపు ముక్కలూ ముళ్ళ జీవులూ ఉంటాయి, మా ఆయన మాట వినలేదు, రెండ్రోజులు కుంటాడు.

ఒడ్డునంతా సరుగుడు చెట్లు. మన ఉప్పాడ నుంచి బాపట్ల దాకా ఉండే అదే చెట్టు, గాలికి అదే హోరు, కింద అదే సూదుల్లాంటి ఎండుటాకు. ఆ చెట్ల కింద ఆదివారం ఊళ్ళకి ఊళ్ళు దిగుతాయి, పెద్ద పెద్ద డేగిశాలు, చాపలు, ముసలాళ్ళు, చంటిపిల్లలు. సాయంత్రం ఒక కుటుంబం ఎండుటాకు పోగేసి చిన్న మంట వేసింది. ఒకతను గుండ్రటి వాయిద్యం, వెడల్పుగా, మేకతోలు కట్టింది, మంటకి చూపించి తిప్పుతున్నాడు, వేలితో కొట్టి చెవి పెట్టి వింటున్నాడు, మళ్ళీ మంటకి పడుతున్నాడు. అమ్మ లేచి నిలబడింది. "డప్పు కాస్తున్నాడే!"

దాని పేరు రావన్. పాట, ఆట పేరు సెగా. ఆఫ్రికా నుంచీ మడగాస్కర్ నుంచీ బానిసలుగా పట్టుకొచ్చినవాళ్ళు పుట్టించుకున్నది, రోజంతా చాకిరీ చేసి రాత్రిళ్ళు మంట చుట్టూ పాడుకున్నది. అడుగు నేల మీంచి పైకి లేవదు, పాదాలు ఇసుకలో రాస్తూ నడుము కదులుతుంది. హోటళ్ళలో రాత్రి భోజనాల దగ్గర రంగు గౌన్లు వేసి ఆడిస్తారు, అది చూసి సెగా చూశాం అనుకోకండి. ఇక్కడ ఒక అరవై ఏళ్ళావిడ చేతిలో గరిటె కింద పెట్టి ఆడింది, తర్వాత వెళ్ళి అన్నం వడ్డించింది.

నైరుతి మూల ల మోర్న్ కొండ దగ్గరికీ వెళ్ళాం. నీళ్ళలోంచి నిటారుగా లేచిన బండ, 556 మీటర్లు. తోటల నుంచి పారిపోయిన బానిసలు ఆ కొండ మీద, గుహల్లో దాక్కుని బతికారు. బానిసత్వం రద్దయిందని చెప్పడానికి సిపాయిలు కొండెక్కి వస్తుంటే, పట్టుకుపోవడానికే వస్తున్నారనుకుని పైనుంచి దూకేశారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. కింద బీచ్‌లో గాలిపటాలు కట్టుకుని అలల మీద జారే కుర్రాళ్ళు, పైన ఆ బండ. నేను ఎక్కలేదు, అమ్మతో కుదరదు, కుదిరినా ఎక్కేదాన్ని కాదేమో.

షమరెల్‌లో ఏడు రంగుల మట్టి చూడకపోయినా నష్టం లేదు, టికెట్టు పెట్టి కంచె ఇవతల నుంచి పదినిమిషాలు చూసి రావడమే, ఫొటోల్లో ఉన్నంత రంగులు మాకు కనపడలేదు, మబ్బు వల్లేమో. పాంప్లెమూస్ తోటలో పెద్ద పళ్ళేల్లాంటి తామరాకులు బాగున్నాయి. డోడో పక్షి ఎముకలు పోర్ట్ లూయిస్ మ్యూజియంలో ఉన్నాయి, పాపం, 1598లో డచ్చివాళ్ళు దిగిన వందేళ్ళలోపే అంతరించిపోయింది. గంగా తలావ్ అని కొండల మధ్య చెరువుంది, ఒడ్డున 33 మీటర్ల శివుడు, శివరాత్రికి జనం దీవి నలుమూలల నుంచి నడిచి వస్తారట. మేం వెళ్ళినరోజు మంచు, సన్నటి వాన, కోతులు. అమ్మ చేతిలో అరటిపండు పోయింది.

ఆఖరి రోజు డ్రైవరు వాళ్ళింటికి టీకి తీసుకెళ్ళాడు. చిన్న ఇల్లు, ముందు తులసికోట. దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి, పక్కన సింహాచలం అప్పన్న. అమ్మ పుట్టిల్లు విజయనగరం, అప్పన్న వాళ్ళింటి దేవుడు. ఇక్కడ, హిందూ మహాసముద్రం మధ్యలో, నాలుగు తరాలుగా చూడని కొండ మీది దేవుడికి ఇంట్లో పూజ చేసుకుంటున్నారు, అమ్మోరు పండగ కూడా చేసుకుంటారట. రామభజనం అంటే మధ్యలో ఎత్తయిన దీపం పెట్టి చుట్టూ తిరుగుతూ పాడతారని చెప్పి రెండు చరణాలు పాడాడు. మాటలు సగం అరిగిపోయాయి, ఆ మెట్లలాగే, కొన్ని మాకే అర్థం కాలేదు, కానీ అమ్మ మూడో వరస అందుకుంది. ఎలా అందుకుందో ఆవిడకే తెలీదు, చిన్నప్పుడు వాళ్ళ ఊరి గుళ్ళో విన్నదట.

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు ముక్కలు. మన పాస్‌పోర్టుకి ముందుగా వీసా అక్కర్లేదు, తిరుగు టికెట్టు, హోటలు బుకింగు కాగితాలు దగ్గర పెట్టుకోండి. ముంబై నుంచి నేరుగా విమానముంది, ఆరు గంటల పైచిలుకు ప్రయాణం. బీచ్‌లన్నీ జనానివే, హోటలు ముందున్న ఇసుక మీదైనా మీరు నడవొచ్చు. ఎక్కడికెళ్ళినా ముందు "బొంజూర్" అనండి, అనకుండా ధర అడిగితే మొహం తిప్పుకుంటారు.

బయల్దేరేటప్పుడు ఎయిర్‌పోర్టులో డ్రైవరు ఒకటే అడిగాడు, కోరంగి వీడియో తీసి పంపమని. దసరాకి కాకినాడ వెళ్ళినప్పుడు నేనూ అమ్మా పనిగట్టుకుని వెళ్ళాం. చెక్క వంతెన, మడచెట్ల వేళ్ళు, బురదలో ఎగిరే చేపలు, ఎర్రపీతలు, పాయలో ఒక నాటుపడవ, అన్నీ తీసి వాట్సాప్‌లో పంపాను. పావుగంటకి వాయిస్ మెసేజ్ వచ్చింది. చాలా బాగుంది, థాంక్స్, ఓడలు ఎక్కిన రేవు ఏది, అది చూపించలేదేం అని.

చుట్టూ చూశాను. ఏం చూపించను? అమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుని, అతనికి అర్థం కాదని తెలిసీ తెలుగులోనే చెప్పింది, "ఇక్కడేం లేదు బాబూ, అంతా బురదే మిగిలింది. నువ్వే ఒకసారి రా నాయనా, ఈసారి ఇంట్లో పెట్టిన ఆవకాయ పెడతాను."

చాలాసేపు ఏం రాలేదు. మేం ఆటో ఎక్కాక టింగుమంది. తెలుగు కీబోర్డు ఎక్కణ్ణుంచి వెతికి పట్టుకున్నాడో, ఒక్క మాట టైపు చేశాడు.

"ఆవకాయ".